డిసేబిలిటీ పెన్షన్ ఫైలు ఆగిందా, కొట్టేశారా? ముందు అది తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారు హవల్దారుగా 2018లో సర్వీసు పూర్తి చేసుకుని వచ్చారు. వచ్చేముందు మెడికల్ బోర్డు మోకాలి దెబ్బకు 20 శాతం, బీపీకి 30 శాతం, రెండూ కలిపి 40 శాతం అని రాసింది. సర్వీసు పెన్షన్ వస్తోంది, డిసేబిలిటీ పెన్షన్ మాత్రం రావడం లేదు. బ్యాంకులో అడిగితే స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్‌లో) చూసుకోమన్నారు. రికార్డ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటున్నారు. తిరుపతిలో తీసుకున్న సదరం సర్టిఫికెట్‌లో 60 శాతం ఉంది, అది పెడితే పని త్వరగా అవుతుందా అన్నది మీ చివరి ప్రశ్న.

‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాటను పక్కన పెట్టండి. 2018లో విడుదలైన మనిషి క్లెయిము ఇన్నేళ్లూ ఏ నిర్ణయమూ లేకుండా ఎవరి బల్ల మీదో కూర్చుని ఉండటం అరుదు. అప్పట్లోనే దాన్ని కొట్టేసి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఉత్తరం పాత చిరునామాకు పోయి ఉంటుంది, లేదంటే ఇంటికే వచ్చి డిశ్చార్జ్ కాగితాల మధ్య ఎక్కడో పడి ఉంటుంది. ఆలస్యమైతే ఫిర్యాదు చేయాలి, కొట్టేస్తే అప్పీలు చేయాలి. కొట్టేసిన ఫైలు మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు పెట్టుకుంటూ పోతే అప్పీలు గడువు దాటిపోతుంది. ఆలస్యం వల్ల కంటే ఈ పొరపాటు వల్లే ఎక్కువ డబ్బు పోతుంది.

కాబట్టి ముందు బీరువా వెతకండి. కావాల్సింది రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారం. అందరూ అందులో 40 శాతం అన్న అంకె చూసి ఊరుకుంటారు. పెన్షన్‌ను తేల్చేది ఆ అంకె కాదు. దాని పక్కనే పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే నికర శాతం ఎంత అని ఇంకో గడి ఉంటుంది. అక్కడ ‘నిల్’ అని ఉంటే 40 శాతం రాసినా ఒక్క రూపాయి రాదు. ఆ ‘నిల్’ ఎందుకొచ్చిందో ముందు పేజీలో తెలుస్తుంది. ఒక్కో జబ్బుకూ ఎదురుగా అది సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, సర్వీసుతో సంబంధమే లేదా అని మూడు ప్రశ్నలుంటాయి. మొదటి రెండింటికీ కాదు అని, మూడోదానికి అవును అని రాస్తే దాన్నే ఫౌజీలు ‘నానా’ అంటారు. ఎందుకలా తేల్చారో కారణం కూడా రాసి ఉంటుంది. బీపీకి చాలాసార్లు కనిపించే కారణం, జబ్బు శాంతి ప్రాంతంలో (ఫీల్డ్ కాని పోస్టింగులో) మొదలైంది, ఫీల్డ్ ఒత్తిడికి సంబంధం లేదు అని. ఆ రోజు నాన్నగారి బరువు ఎంత ఉందో కూడా ఫారంలోనే ఉంటుంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంటే దాన్నీ బీపీకి కారణంగా చూపిస్తారు.

నాన్నగారి కేసులో మోకాలినీ బీపీనీ విడివిడిగా చూడాలి. మోకాలి దెబ్బకు యూనిట్‌లో ఇంజురీ రిపోర్ట్, ఐఏఎఫ్‌వై-2006 ఫారం తయారై ఉండాలి. పీటీలోనో, ఆటల పోటీలోనో, కాన్వాయ్‌లోనో తగిలిన దెబ్బకు కమాండింగ్ ఆఫీసర్ డ్యూటీ వల్లేనని రాసి ఉంటే ఆ కేసు బలమైనది. సెలవు మీద ఇంట్లో ఉండగా బైక్ మీద పడితే కష్టం. అదే సెలవు మీద ఇంటికొచ్చే దారిలోనో, తిరిగి యూనిట్‌కు పోయే దారిలోనో తగిలితే, ఆ ప్రయాణానికి ప్రభుత్వ ఖర్చు అర్హత ఉన్నప్పుడు డ్యూటీ కిందే లెక్క.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. సర్వీసు పూర్తి చేసి వచ్చినవాళ్లకు కనీసం 20 శాతం ఉంటేనే డిసేబిలిటీ ఎలిమెంట్ వస్తుంది. 19 ఉంటే సున్నా. ఆపైన రౌండింగ్ ఉంది. 50 కంటే తక్కువైతే 50, 50 నుంచి 75 దాకా అయితే 75, 76, ఆపైన అయితే 100గా తీసుకుంటారు. ఇది వైకల్యం వల్ల మధ్యలో పంపించేసినవాళ్లకే అని ప్రభుత్వం చాలాకాలం వాదించింది. సర్వీసు పూర్తి చేసినవాళ్లకూ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే నాన్నగారికి మోకాలు ఒక్కటే నిలబడి 20 వచ్చినా 50 అవుతుంది, రెండూ నిలబడి 40 వచ్చినా అదే 50. చేతికొచ్చే డబ్బులో తేడా లేదు. అప్పీలులో బలమంతా మోకాలి మీదే పెట్టండి. బీపీ గురించి ఒక పేరా రాస్తే చాలు. బీపీ వాదన మొదట పెట్టి పది పేజీలు నింపితే అసలు కేసు మరుగున పడిపోతుంది. చాలామంది వకీళ్లు కూడా ఇక్కడే తడబడతారు.

వంద శాతం వైకల్యానికి డిసేబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. జీతం అంటే బేసిక్, మిలిటరీ సర్వీస్ పే, ఎక్స్ గ్రూప్ పే (సాంకేతిక పనివాళ్లకు ఇచ్చేది) ఉంటే అదీ కలిపి. ఉదాహరణకు అది 44,000 అనుకుందాం. వంద శాతానికి 13,200. యాభైకి 6,600. రౌండింగ్ లేకుండా ఉత్త ఇరవైకి 2,640. వీటి మీద డీఆర్ (కరువు భృతి) అదనం. అందుకే మంజూరైనా పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఏ శాతం వేశారో చూడాలి. 20 అనే ఉంటే రౌండింగ్ విడిగా అడగాలి. యుద్ధంలోనో, ఆపరేషన్లలోనో గాయపడినవాళ్లది వార్ ఇంజురీ పెన్షన్. దాని రేటు వేరు, కనీసం ఇంతకు రెట్టింపు ఉంటుంది.

కాగితాలు ఇంట్లో దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటే నమ్మకమైన దారి. ఫోన్ చేస్తే మాట వస్తుంది, దరఖాస్తు పెడితే తేదీ ఉన్న కాగితం వస్తుంది. ఫీజు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, కాపీకి పేజీకి 2 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. నాన్నగారి కోర్ రికార్డ్ ఆఫీసులోని సమాచార అధికారికి పంపాలి. ఈఎంఈ అయితే సికింద్రాబాద్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఎంఈజీ అయితే బెంగళూరు. మీ పేరు మీద మాత్రం పెట్టకండి. కొడుకైనా సరే, వేరే వ్యక్తి వైద్య వివరాలు అంటూ సెక్షన్ 8 చూపించి తిప్పి పంపుతారు. దరఖాస్తు నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో, ఆర్మీ నంబరు, ర్యాంకు, ఆధార్ కాపీతో పోవాలి.

‘నా పెన్షన్ ఎందుకు రాలేదు’ అని అడగకండి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన పనిలేదని ఒక్క లైనులో తప్పించుకుంటారు. కాగితాల పేర్లు పెట్టి అడగాలి. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 పూర్తి కాపీ, ఇంజురీ రిపోర్ట్, చేరినప్పటి వైద్య పరీక్ష కాగితం, తేదీలతో పోస్టింగుల జాబితా, క్లెయిము మీద తీసుకున్న నిర్ణయం కాపీ, క్లెయిమును ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌కు (రక్షణ శాఖ పెన్షన్లు మంజూరు చేసే అకౌంట్స్ ఆఫీసుకు) పంపి ఉంటే ఆ ఉత్తరం నంబరూ తేదీ, అక్కడినుంచి అభ్యంతరంతో వెనక్కి వస్తే ఆ కాగితం. వీటితోపాటు తిరస్కరణ ఉత్తరం ఏ చిరునామాకు, ఏ తేదీన, ఏ పోస్టు నంబరుతో పంపారో డిస్పాచ్ రిజిస్టర్ నకలు అడగండి. ఉత్తరం మీకు అందలేదని రేపు చెప్పాల్సి వస్తే ఆ నకలే ఆధారం.

చిరునామా సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. ఆర్మీ కాగితాల్లో చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరు మనుషులకు ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. సూళ్లూరుపేట వాళ్లకు నెల్లూరు అని ఉంటుంది. పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే ఉత్తరం ఎలాగో చేరుతుంది. ఊరు వదిలి తిరుపతి టౌనులో ఇల్లు కట్టుకున్నవాళ్లకే అసలు ఇబ్బంది. స్పర్శ్‌లో చిరునామా మార్చాం కదా అనుకుంటారు. రికార్డ్ ఆఫీసు ఉత్తరాలు దాని దగ్గరున్న చిరునామాకే పోతాయి. రెండుచోట్లా విడివిడిగా మార్పించాలి.

కాగితాలు చేతికొచ్చాక మూడు రకాల్లో ఏదో ఒకటి తేలుతుంది. మంజూరై పీపీఓ కూడా వచ్చి స్పర్శ్‌లో చేరకపోవడం ఒకటి. పీసీడీఏ అభ్యంతరంతో తిప్పి పంపితే రికార్డ్ ఆఫీసులో ఆగిపోవడం రెండు. నానా అనో, 20 శాతం లేదనో కొట్టేయడం మూడు.

మొదటి రెండింటికీ ఫిర్యాదు పనిచేస్తుంది. స్పర్శ్‌లో లాగిన్ అయి ఈ-పీపీఓ తెరిస్తే సర్వీసు పెన్షన్, డిసేబిలిటీ ఎలిమెంట్ విడివిడిగా కనిపించాలి. లేకపోతే పాత పీపీఓ కాపీ జతచేసి ఫిర్యాదు పెట్టండి. ఒక ఫిర్యాదులో ఒకే విషయం ఉండాలి. చిరునామా, డీఆర్, డిసేబిలిటీ అన్నీ కలిపి రాస్తే వాటిల్లో సులువైనదొకటి సరిచేసి టికెట్ మూసేస్తారు. తేలకపోతే రక్షా పెన్షన్ శికాయత్ నివారణ్ పోర్టల్, దానితోపాటు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్. సీపీగ్రామ్స్‌లో ఇప్పుడు 21 రోజుల గడువు ఉంది, జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేయొచ్చు. అభ్యంతరం కాగితం నంబరు, తేదీ రాసి పెట్టిన ఫిర్యాదుకూ, నంబరు లేని ఫిర్యాదుకూ వచ్చే జవాబుల్లో తేడా మీకే తెలుస్తుంది.

పీసీడీఏ అభ్యంతరాల్లో పేరు తేడాలు చాలా ఉంటాయి. మనవైపు పేర్లకు ఇది మరీ ఎక్కువ. రికార్డుల్లో ‘ముని రెడ్డి కె’ అని ఉంటే ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి ‘మునిరెడ్డి’ అని కలిపి ఉంటుంది, పాన్‌లో మూడో రకం. ఇలాంటప్పుడు ఆర్మీ రికార్డును మార్చే పని పెట్టుకోకండి, ఆధార్‌నూ పాన్‌నూ రికార్డుకు సరిపోయేలా మార్చుకోవడం తేలిక. అమ్మగారి పేరు, పుట్టిన తేదీ మాత్రం రికార్డులోనే తప్పుంటే పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) ద్వారా సరిచేయించక తప్పదు. అది ఇప్పుడే చేయించండి, లేకపోతే రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర అదే అడ్డం వస్తుంది.

మూడో రకం, అంటే కొట్టేసిన కేసు, ఫిర్యాదుతో కదలదు. సీపీగ్రామ్స్‌లో ఎన్నిసార్లు పెట్టినా ‘నిబంధనల ప్రకారం తిరస్కరించాం’ అనే వస్తుంది. పైగా ఫిర్యాదు పెట్టినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు. మొదటి అప్పీలు ఏసీఎఫ్‌ఏ కమిటీకి, రికార్డ్ ఆఫీసు ద్వారా, తిరస్కరణ ఉత్తరం అందిన 6 నెలల్లో. అక్కడా కాదంటే మళ్లీ 6 నెలల్లో రెండో అప్పీలు, ఎస్‌ఏసీపీ అనే పై కమిటీకి. గడువు దాటి ఉంటే ఎందుకు దాటిందో అప్పీలులోనే రాసి, ఉత్తరం అందలేదన్న డిస్పాచ్ రిజిస్టర్ ఆధారం జతచేయాలి. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయిన ట్రాకింగ్ పేజీని అదే వారం ప్రింట్ తీసి పెట్టుకోండి. కొంతకాలానికి వెబ్‌సైట్‌లో అది కనిపించదు.

అప్పీలు రెండు మూడు పేజీలు దాటకూడదు. చేరినప్పుడు వైద్య పరీక్షలో మోకాలికి ఏ లోపమూ రాయలేదు, ఫలానా తేదీన ఫలానా యూనిట్‌లో ఫలానా పని చేస్తుండగా దెబ్బ తగిలింది, ఇంజురీ రిపోర్ట్‌లో కమాండింగ్ ఆఫీసర్ ఇలా రాశారు, మెడికల్ బోర్డు ఇచ్చిన కారణం దానికి ఇలా విరుద్ధంగా ఉంది. ఈ వరుస చాలు. దీనికి తోడు 2013 జులై 2న ధరమ్‌వీర్ సింగ్ కేసులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు పెట్టండి. చేరినప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరినట్టు భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని, బోర్డు కారణాలు రాయాలని అందులో ఉంది. అది 1982 నిబంధనల మీద వచ్చిన తీర్పు కాబట్టి 2008 తర్వాతి కేసులకు వర్తించదని ప్రభుత్వం తరఫున వాదిస్తారు. ఆ వాదన వస్తుందని తెలిసే రాయండి. తీర్పు ఒక్కదాని మీదే ఆనుకోకుండా ఇంజురీ రిపోర్ట్‌ను ముందు పెట్టమనేది అందుకే. 2023 సెప్టెంబరు 21 తర్వాత విడుదలైనవాళ్లకు వేరే కొత్త నిబంధనలున్నాయి. వాళ్లు ఈ సమాధానంలోని లెక్కల్ని తమకు అన్వయించుకోకూడదు.

కమిటీలు ఏళ్లు గడుపుతాయి, అక్కడే చాలామంది ఓపిక పట్టి కూర్చుంటారు. అంత ఓపిక అక్కర్లేదు. సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం, 2007 ప్రకారం అప్పీలు చేసి 6 నెలలైనా జవాబు రాకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు పోవచ్చు, ఆ తర్వాతి 6 నెలల్లో కేసు వేయాలి. జవాబు వచ్చి ఉంటే ఆ తేదీ నుంచి 6 నెలలు. మనకు చెన్నై బెంచి. రికార్డ్ ఆఫీసు జబల్‌పూర్‌లో ఉన్నా సరే, రిటైరైన మనిషి తాను ఉంటున్న ప్రాంతపు బెంచిలోనే వేసుకోవచ్చు. తిరుపతి నుంచి పొద్దున పోయి రాత్రికి ఇంటికి చేరే దూరమే. వకీలు లేకుండా స్వయంగా వాదించుకునే హక్కు ఉంది కానీ, వైద్య కాగితాల మీద నడిచే కేసు కాబట్టి ఈ రకం కేసులు చేసినవాళ్లను పెట్టుకోవడమే మంచిది.

గడువు దాటిపోయిందని వదిలేయాల్సిన పనిలేదు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందాని ప్రకారం నెలనెలా రావాల్సిన పెన్షన్ రాకపోవడం కొనసాగుతున్న అన్యాయం, ఆలస్యంగా వచ్చినా వినొచ్చు. అయితే బకాయిలు సాధారణంగా కేసు వేసిన తేదీకి వెనక 3 ఏళ్లకే ఇస్తారు. పైన చెప్పిన 6,600 లెక్కలో 3 ఏళ్లకు 2,37,600. అదే 2018 నుంచి ఏడేళ్లకైతే 5,54,400. డీఆర్ కలపకుండానే మధ్యలో 3 లక్షల పైన తేడా. ఎదురుచూసే ప్రతి నెలా వెనకనుంచి ఒక నెల బకాయి రాలిపోతూ ఉంటుంది.

గెలిచాక కూడా డబ్బు వెంటనే రాదు. తీర్పులో అమలుకు గడువు ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ వచ్చిన వారంలోనే రికార్డ్ ఆఫీసుకు పంపి, ఆ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టండి. 2023 మార్చిలో పరషోత్తమ్ దాస్ కేసు తర్వాత ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు పోయే దారి స్పష్టంగా తెరుచుకుంది, ప్రభుత్వమూ ఆ దారి వాడుకుంటోంది. గడువు దాటితే అమలు కోసం ట్రిబ్యునల్‌లోనే మళ్లీ దరఖాస్తు వేయాలి. అది వేశాకే చాలా ఫైళ్లు కదులుతాయి, విచిత్రమేమీ లేదు. పైకోర్టులో ఓడితే తిరిగి కట్టాలన్న షరతుతో మంజూరు చేస్తే తీసుకోండి, దానివల్ల మీ హక్కుకు నష్టం లేదు. తీర్పులో మళ్లీ మెడికల్ బోర్డు పెట్టమని ఉంటే పిలుపు ఉత్తరం కోసం కాచుకుని ఉండాలి. ఆ రోజు పోకపోతే ‘పెన్షనరు హాజరు కాలేదు’ అని ఫైలు పక్కన పడేస్తారు.

సదరం సంగతి. దాన్ని ఈ క్లెయిములో పెట్టడం వల్ల ఉపయోగం లేదు. సదరం ఇప్పటి వైకల్యం ఎంతో చెబుతుంది. ఆర్మీకి కావాల్సింది విడుదలైన రోజున ఎంత ఉంది, అది సర్వీసు వల్లేనా అన్న రెండే. పైగా 60కీ 40కీ తేడా చూసి, సర్వీసు తర్వాత ముదిరిందని వాళ్లే వాదనగా వాడుకోవచ్చు. స్విమ్స్, రుయా, బర్డ్, వేలూరు సీఎంసీ ఆస్పత్రుల రిపోర్టులు కూడా అంతే. అంగీకరించిన వైకల్యం తర్వాత పెరిగిందని మళ్లీ పరీక్ష అడిగేటప్పుడు అవి పనికొస్తాయి. మోకాలు ముందు ఒప్పుకోనివ్వండి, ఆ రిపోర్టులన్నీ తేదీలవారీగా అప్పటికి దాచిపెట్టండి. బస్సు, రైలు రాయితీల కోసం యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) మాత్రం తీసుకోవచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు.

బకాయిల్లో వాటా మాట్లాడుకునే మధ్యవర్తుల గురించి ఒక్క మాట. ఆర్టీఐ, మొదటి అప్పీలు రాయడానికి వాటా ఇవ్వక్కర్లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం రికార్డ్ ఆఫీసుకు కవరింగ్ లెటర్ ఉచితంగా ఇస్తుంది. నిర్ణయం వాళ్ల చేతిలో ఉండదు కాబట్టి వాళ్లను తిట్టి లాభం లేదు, లెటర్ నంబరు మాత్రం తీసుకోండి. మాజీ సైనికుల కుటుంబాలకు న్యాయ సహాయం కోసం నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. దాని కింద సైనిక బోర్డుల్లో న్యాయ సేవా కేంద్రాలు పెడుతున్నారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి, అప్పీలు ముసాయిదా అక్కడ చూపించుకోండి.

ఈలోపు నవంబరులో నాన్నగారి లైఫ్ సర్టిఫికెట్ తప్పనివ్వకండి. జీవన్ ప్రమాణ్‌లో పెన్షన్ మంజూరు చేసినవాళ్లు, చెల్లించేవాళ్లు అనే రెండుచోట్లా స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్‌నే ఎంచుకోవాలి. పాత అలవాటుగా బ్యాంకు పేరు పెడితే సర్టిఫికెట్ చేరాల్సిన చోటికి చేరదు, వస్తున్న సర్వీసు పెన్షన్ కూడా ఆగుతుంది. ఆర్టీఐకి జవాబు వచ్చాక ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16లో మోకాలికి ఎదురుగా ఏం రాశారో, కారణం గడిలో ఏముందో ఆ మాటలు ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. ఆర్మీ నంబరు, ఆధార్ మాత్రం కొట్టేసి పెట్టండి. అప్పీలు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టి చెప్పొచ్చు.